కాళ్ళకి కుళాయి నీళ్ళు, గొంతుకి క్యాను నీళ్ళు

మొన్న టీవీలో కాళ్ళు కడుక్కున్న వీరనారిని చూశారా? అది నేనే. నవ్వండి, నవ్వండి. నవ్వాక మిగతాది వినండి.

మా ఉద్దానం సంగతి మీకు తెలిసిందే. ఏ వీధి చూసినా కిడ్నీ రోగులే. నీళ్ళ వల్లో, దేని వల్లో ఇప్పటికీ తేల్చినవాళ్ళు లేరు. మా ఆయనకీ డయాలసిస్సే. ఆస్పత్రికి తీసుకెళ్ళే వ్యాను మా ఊరి లీడరుది. వరసకి నాకు బావ.

ఆ బావే వచ్చి, "మరదలా, గవర్మెంటోళ్ళేసిన కొత్త కుళాయి కాడికి టీవీవోళ్ళొస్తన్నారు. నీళ్ళు తియ్యగున్నాయని సెప్పు, సాలు" అన్నాడు.

"ఆ నీళ్ళు ఎవుడు తాగుతన్నాడు బావా?"

"నిన్ను తాగమన్నానేటి? సెప్పమన్నాను. మీ ఆయనకి రేపు మళ్ళీ వ్యాను కావాలి గదా!" అని నవ్వాడు.

ఒప్పుకున్నాను. అద్దం ముందు రిహార్సల్ కూడా చేశాను!

రెండు ఛానెళ్ళవాళ్ళు వచ్చారు. లైవ్! "నీళ్ళు ఎలా ఉన్నాయమ్మా?" అంది మైకు పట్టుకున్న అమ్మాయి.

"తియ్యగున్నాయండీ! ఇంటిల్లిపాదీ ఇవే తాగుతన్నాం!" గడగడా అప్పచెప్పేశాను. బావ మొహం వెలిగిపోయింది.

"ఏదీ, తాగి చూపించండి" అంటూ ఆ అమ్మాయి గ్లాసు నింపి ఇచ్చింది.

కొంప అక్కడ మునిగింది. మా ఊళ్ళో పాతదైనా కొత్తదైనా కుళాయి నీళ్ళు కాళ్ళకి, కొనుక్కున్న క్యాను నీళ్ళు గొంతుకి. ఏళ్ళ అలవాటు! చెయ్యి దాని పని అది చేసేసింది. గ్లాసుడు నీళ్ళూ కాళ్ళ మీద గుమ్మరించుకుని, సంచిలోంచి నా సీసా తీసి గటగటా తాగేశాను. పైగా, "ఎంత తియ్యగున్నాయో!" అన్నాను!

"కట్టెయ్యండి! కెమెరా కట్టెయ్యండి!" అని బావ అరుపులు.

సాయంత్రం ఒక ఛానెల్లో నా కాళ్ళు మాత్రమే చూపించారు. 'కాళ్ళు కడుక్కోడానికీ కొదవ లేని నీళ్ళు!' ఇంకో ఛానెల్లో నా సీసా మాత్రమే. 'ప్రభుత్వాన్ని నిలదీసిన వీరనారి!' ఆ నీళ్ళలో ఏముందని ఒక్కడూ అడగలేదు. ఒళ్ళు మండిపోయింది నాకు.

మర్నాడు వ్యాను రాలేదు. బావ ఫోనెత్తలేదు. ఉబ్బిన కాళ్ళతో ఆయన్ని ఎలాగో బస్సెక్కించాను. సీట్లో కూలబడి ఆయన ఆయాసపడుతుంటే ఏడుపొచ్చేసింది. అప్పుడే పక్క సీటు ముసలాయన నన్ను గుర్తుపట్టి చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

"అంతమందిలో నిజం సెప్పేవు తల్లీ! ఎంత దైర్నం నీకు!"

"నేనెల్లింది అబద్దమాడ్డానికే బాబూ" అన్నాను. "అదీ సేతకాలేదు."