చెవిలో బసవపున్నయ్య

తెలుగు సీరియళ్లలో కన్నీరు పెట్టే కోడళ్లలో చాలామందికి తెలుగు రాదు. ఇది ఫిర్యాదు కాదు, ఏర్పాటు. కన్నీరు ఒకరిది, మాట ఇంకొకరిది. ఆ రెంటినీ కలిపేది కెమెరా పక్కన కుర్చీ లేకుండా నిలబడే మూడో మనిషి. ఆయన సీను కాగితం పట్టుకుని, డైలాగును ముక్కలు చేసి బిగ్గరగా అందిస్తుంటే, కోడలు ఆ ముక్కల్ని అందుకుని అత్తగారి మీదికి వదులుతుంది. తరవాత డబ్బింగులో ఆయన గొంతు చెరిపేస్తారు. దీన్ని ప్రాంప్టింగ్ అంటారు. జూబ్లీహిల్స్‌లో షూటింగులకు అద్దెకిచ్చే బంగళాలన్నిటిలోనూ ఏళ్ల తరబడి చెరిగిపోతూ వచ్చిన గొంతు బసవపున్నయ్యది.

తెనాలి దగ్గరి పల్లె నుంచి ఆయన విలన్ అవుదామని వచ్చాడు. కనుబొమలు అందుకు తగినవే, గొంతు మరీ తగినది. పరిశ్రమ బాగా ఆలోచించి కనుబొమల్ని వదిలేసి గొంతును మాత్రం పనిలోకి తీసుకుంది. బసవపున్నయ్య తగువు పెట్టుకోలేదు. నటనంతా ప్రాంప్టింగ్‌లోనే కానిచ్చేవాడు. "నా బిడ్డను నాకివ్వండి" అని అందించవలసి వస్తే ముందు తన గొంతు పూడుకుపోయేది, కళ్లు తుడుచుకునేవాడు, ముక్కు చీదేవాడు. కోడలు ఏడుపు అందుకునేసరికి ఆయనది ముగిసేది. కెమెరా అటువైపు తిరిగి ఉండేది గనక ఈ సంగతి చరిత్రకెక్కలేదు.

ఊరకే ఉండడం ఆయనకు చేతకాని విద్య. పెళ్లికి వెళితే పెళ్లికొడుక్కి మంత్రాలు పురోహితుడికంటే ముందే అందిస్తాడు. ఆటో ఎక్కితే, డ్రైవరు ఫోనులో ఇంటావిడకు ఏం సంజాయిషీ చెప్పాలో వెనక సీట్లోంచి అందిస్తాడు. ఫిల్మ్‌నగర్ బస్తీలో ఆయనతో రెండు గదుల కాపురం చేస్తున్న జగదాంబ తాను మొదలుపెట్టిన వాక్యాన్ని తానే ముగించి చాలాకాలమైంది.

"ఏవండీ, వచ్చేటప్పుడు..."

"పెరుగు తేవాలి."

"పెరుగు కాదు. పొయ్యి లైటరు. నా మాట నన్ను చెప్పుకోనివ్వండి మహానుభావా! మీ సీరియలు కోడలినా నేను?"

ఇలాంటి మనిషి మీదికి లైవ్ సౌండ్ వచ్చి పడింది.

తెచ్చినవాడు కొత్త డైరెక్టరు అరవింద్. వెబ్ సిరీసులు తీసి వచ్చినవాడు గనక సహజత్వం మీద పట్టుదల ఉంది. "డబ్బింగ్ వద్దు బాబాయ్. శ్రీనిధి ఓన్ వాయిస్ వాడదాం. స్పాట్‌లో పలికిందే ఫైనల్. ఆ ఫీల్ వేరు" అన్నాడు. శ్రీనిధి హాసన్ నుంచి వచ్చిన కన్నడ పిల్ల. ఆమె యాస అడ్డురాకుండా, కోడలు బళ్లారిలో పెరిగినట్టు కథలో ఒక సీను అతికించేశారు. కానీ బసవపున్నయ్య గొంతుకు ఏ ఊళ్లో పెంపకం అతికించగలరు? కోడలి మాట పడే మైకులో ఆయన మాటా పడుతుంది.

"అందుకే ఇయర్‌ఫోన్‌లో అందించండి. మీరు స్టోర్‌రూమ్‌లో కూర్చుని మానిటర్ చూస్తూ ఫోన్‌లో చెప్పండి. ఒక చెవిలో పెట్టి జుట్టుతో కప్పేద్దాం. శుక్రవారం ట్రయల్" అన్నాడు అరవింద్. ఆపైన కాస్త తల దించుకుని, "వర్కవుట్ కాకపోతే తెలుగొచ్చిన అమ్మాయిని పెట్టమంటున్నారు చానెల్ వాళ్లు" అన్నాడు.

తెలుగొచ్చిన కోడలికి బసవపున్నయ్యతో పనేముంది? ఆ సంగతి అరవింద్ అనలేదు. అనవలసిన మాటను ఎదుటివాడి కంటే ముందు పట్టుకోవడమే ఆయన వృత్తి కదా.

సినిమావాళ్లు వాడే రవ్వంత చెవిబిళ్ల విదేశాల నుంచి రావాలట. మేనేజరు ఆ ధర చూసి నవ్వి, "మామూలు ఇయర్‌ఫోన్లలోనే మంచిది చూడండి" అన్నాడు. బసవపున్నయ్య ఎర్రగడ్డ మెట్రో కింద కొన్నీ, టోలిచౌకి దుకాణాల్లో కొన్నీ కొనుక్కొచ్చాడు. వాటిని చూసి సౌండ్ రికార్డిస్టు ఓంప్రకాష్ తలకొట్టుకున్నాడు. అతనిది బోరబండ. హెడ్‌ఫోన్లు మెడలో లేకుండా అతన్ని చూసినవారు లేరు.

"ఏంది అన్నా, గిట్ల గుత్తులకు గుత్తులు తెచ్చినవ్? అంగట్ల బెండకాయలా?"

"నువ్వే చెప్పవయ్యా, వీటిలో ఏది మంచిది?"

"డబ్బా మీద అన్నీ మంచియే ఉంటయ్ అన్నా. చెవుల వెట్టి చూడాలె. రబ్బరు చెవిల సక్కగ కూసోకపోతే నీ గొంతు బయటికొచ్చి నా మైకుల వడ్తది. మరీ బిర్రుగ కూసుంటే ఆ పోరికి నొప్పి వెడ్తది. మాట సాఫ్‌గ ఇనబడాలె, పాట కాదు. ఇగ ఏడిస్తె ఊడొద్దు, తల తిప్పితె ఊడొద్దు."

"చెంపదెబ్బ కూడా ఉందయ్యా ఆ సీన్లో."

"అయితె కొట్టిచ్చుకొని చూడు. ఫికర్ ఏంది, ఇంట్ల వదిన ఉన్నది గద!"

ఆదివారంనాడు ఫిల్మ్‌నగర్ బస్తీలో ఆ పరీక్షలు శాస్త్రోక్తంగా జరిగాయి. జగదాంబ ఫోను పట్టుకుని వంటగదిలో నిలబడింది. బసవపున్నయ్య ముందు గదిలో మంచం మీద, కోడలి స్థానంలో, కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

ముందు ఎర్రది. డబ్బా మీద బేస్ సౌండు అమోఘమని రాశారు. అబద్ధం రాయలేదు. జగదాంబ సన్నటి గొంతు నూతిలో దిగిన రోడ్డు రోలర్‌లా దొర్లుకుంటూ వచ్చింది, మాటలు మాత్రం రాలేదు. పాటకు పనికొస్తుందేమో, అత్తాకోడళ్లకు పనికిరాదు. తరవాత తెల్లది. దీనిలో మాట స్పష్టమే, కాని అతి స్పష్టం. ఆవిడ 'శ' అన్నప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టయింది, శుభాకాంక్షలు చెప్పేవాళ్లంటే భయం పుట్టింది. బంగారు రంగుది మాట బాగా పలికింది. కాని రేకు తొడుగు అంచు చెవి గోడకు ఒరుసుకుని, ఆయన కాఫీ పూర్తి చేసేలోగా చెవి వంకాయ రంగుకు తిరిగింది. ఇంకోదానికి తీగ జబ్బు. తీగ చొక్కాకు రాసుకున్నప్పుడల్లా చెవిలో ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు చప్పుడు.

చివరికి నల్లది మిగిలింది. బరువు లేదు. రబ్బరు మెత్తన. తీగను చెవి మీదుగా తిప్పి వెనక్కి వేస్తే చెరిగే చప్పుడు కూడా పోయింది. గొంతు నూతిలోకి దిగకుండా, సూది మొన ఎక్కకుండా, మధ్యన మర్యాదగా నడిచింది. అది పెట్టుకుని ఆయన జంతికలు నమిలాడు, ఊడలేదు. ఉల్లిపాయ తరిగి ఏడ్చాడు, ఊడలేదు. ఎవరో పిలిచినట్టు ఇటు తిరిగి, అటు తిరిగి, మళ్లీ ఇటు తిరిగాడు. ఊడలేదు.

"ఇంకొంచెం ఫీలింగ్ పెట్టి చెప్పవే" అన్నాడు వంటగదివైపు.

"మీరు పెట్టుకోండి ఫీలింగు. నాకిక్కడ పోపు మాడిపోతోంది" అని చెవిలో జవాబొచ్చింది, సుస్పష్టంగా.

ఆ మాటను ఆయన పట్టించుకోలేదు. "ఇప్పుడు వచ్చి చెంప మీద ఒకటి కొట్టు" అన్నాడు.

జగదాంబ పొయ్యి ఆపేసి వచ్చింది. "నిజంగానా? గట్టిగానా?"

"సహజంగా."

ఆవిడ కొంగు బిగించి, సహజంగా కొట్టింది. బసవపున్నయ్య మంచం మీదికి ఒరిగాడు. నల్లది చెక్కుచెదరలేదు.

"రెండో వైపు కూడా చూద్దామా?"

"పెట్టుకునేది ఒక చెవికేనే!"

"పరీక్ష అన్నాక అన్ని వైపులా చూడాలి కదండీ" అంది జగదాంబ. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఆవిడ వాక్యం ఇంత నిండుగా ముగియడం చాలా అరుదు.

శుక్రవారం వచ్చింది. బంగళా వెనక స్టోర్‌రూమ్‌లో, బియ్యం బస్తాలకూ పాత పెళ్లి సెట్టు కుర్చీలకూ నడుమ బసవపున్నయ్యకు ఒక బస్తా, ఒక బుల్లి మానిటరు ఇచ్చారు. ఆయన బస్తా మీద కూర్చోలేదు, దాని చుట్టూ తిరిగాడు. హాల్లో శ్రీనిధి చెవికి నల్లది పెట్టి, తీగను జడ కింద నుంచి జారవిడిచి, ఫోను నడుం దగ్గర దోపారు. ఎదురుగా అత్త వేషంలో సత్యలక్ష్మి గారు చేతి గాజులు వెనక్కి తోసుకుని సిద్ధంగా ఉన్నారు.

"యాక్షన్!"

బసవపున్నయ్య ఫోనును నోటికి ఆనించి, జీవితమంతా కూడబెట్టిన శోకాన్ని గొంతులోకి తెచ్చుకున్నాడు. "నన్ను ఎన్ని మాటలైనా అనండి అత్తయ్యా..." అని వణికాడు. "నా బిడ్డను మాత్రం..." అని ఎక్కిళ్లు పెట్టాడు. మానిటరులో శ్రీనిధి కరెంటు పోయిన ఇంట్లో దారి వెతుక్కుంటున్నదానిలా చూసింది. మాటలు పలికింది, ముఖంలోకి ఏడుపు మాత్రం రాలేదు. మధ్యలో ఆగిపోయి, చెవిలోది లాగేసింది.

"నొప్పిగా ఉంది సర్."

రబ్బరు మార్చారు. చిన్నది పెట్టారు. మళ్లీ అదే. ఇంకో సైజు పెట్టారు. మళ్లీ నొప్పే. ఓంప్రకాష్ మాత్రం, "ట్రాక్ మస్తు క్లీన్ ఉన్నది అన్నా, నీ గొంతు సుక్క గూడ వడలే" అని కేకేశాడు. అరవింద్ వాచీ చూసుకున్నాడు. "లంచ్‌కి ముందు ఇంకొక్క టేక్ బాబాయ్. అవకపోతే ఇక..." అన్నాడు. ఆ వాక్యాన్ని పూర్తిచేసే ఉత్సాహం జీవితంలో మొదటిసారి బసవపున్నయ్యకు కలగలేదు.

ఆయన హాల్లోకి పరుగెత్తాడు. తెల్లది, బంగారు రంగుది, ఆఖరికి ఎర్రది కూడా జేబుల్లోంచి తీసి శ్రీనిధి ముందు పరిచాడు.

"ఎక్కడమ్మా నొప్పి? లోపలా, అంచు దగ్గరా? తీగ లాగుతోందా?"

ఆమె వాటిని చూసింది, ఆయన్ని చూసింది. "తప్పుగా అనుకోవద్దు సర్. ఇయర్‌ఫోన్ నొప్పి ఇల్ల... లేదు. మీరు నొప్పి."

"నేనా?"

"ముందు మీరు దూరంగా నిలబడి అరిచేవారు. మాట నా దగ్గరికి వచ్చేది, మీ ఏడుపు అక్కడే ఉండేది. ఇప్పుడు మీరు నా తల లోపల ఏడుస్తున్నారు సర్. లోపలంతా మీరే. నేను ఎక్కడ ఏడవాలి?"

ఓంప్రకాష్ నవ్వు ఆపుకోవడానికి మైకు వైపు తిరిగాడు. బసవపున్నయ్య ఆమె ఫోను అడిగి తీసుకున్నాడు. కాల్ రికార్డయి ఉంది. నల్లదాన్ని తన చెవిలో పెట్టుకుని విన్నాడు. ఊపిరి వినిపించింది. ఉమ్మి మింగిన చప్పుడు వినిపించింది. ఆ వెనక ఒక పెద్దమనిషి ఆయన పుర్రెలోనే చాప పరుచుకుని కూర్చుని, వదలకుండా ఏడుస్తున్నాడు. నటన బాగానే ఉంది. వచ్చిన చిక్కల్లా అదే, మరొకరు నిలబడడానికి చోటు మిగలనంత బాగా ఉంది. ఎక్కిళ్ల దాకా వినలేక పీకేశాడు.

"నొప్పే" అని ఒప్పుకుని, నల్లదాన్నీ ఫోనునూ ఆమెకిచ్చి స్టోర్‌రూమ్‌కు వెళ్లిపోయాడు.

ఈసారి బస్తా మీద కూర్చున్నాడు. ఖాళీగా ఉన్న చేతిని తొడ కింద పెట్టి దాని మీద బరువేశాడు, లేకపోతే అది గుండెల మీదికి వెళ్లిపోతుంది. పోపు మాడిపోతోందన్న జగదాంబను తలచుకున్నాడు.

"నన్ను ఎన్ని మాటలైనా అనండి అత్తయ్యా" అన్నాడు, వంకాయలు తెమ్మన్నంత మామూలుగా.

శ్రీనిధి పలికింది. ఆగింది. ఆ ఆగడం సాగుతూ పోయింది. తరవాతి ముక్క ఆయన నాలుక చివర గెంతుతోంది. కాళ్లు వాటంతటవే ఆడుతున్నాయి. పెదవి కొరుక్కున్నాడు. మానిటరులో పిల్ల కళ్లలోకి మెల్లగా, ఎవరూ తోయకుండానే, నీళ్లు వచ్చాయి.

"నా బిడ్డను మాత్రం నాకివ్వండి" అన్నాడు, లైటరు తెమ్మన్నట్టు.

ఆమె అన్న తీరుకు సత్యలక్ష్మి గారి చెయ్యి ఒక్క క్షణం లేవలేదు. తరవాత లేచింది. చెళ్లుమంది. నల్లది ఊడలేదు.

"కట్! ఓకే! సూపర్ శ్రీనిధి!" అని అరవింద్ గెంతాడు. స్టోర్‌రూమ్ తలుపు దగ్గరికి వచ్చి, "సోమవారం నుంచి ఇదే సెటప్ బాబాయ్. మీరు లేకపోతే కష్టం" అని చెప్పి, సమాధానం వినకుండా లంచ్‌కు పోయాడు.

ఉద్యోగం నిలిచింది. బసవపున్నయ్యకు మాత్రం ఆకలి కాలేదు. ఆ టేకులో మింగిన ఏడుపంతా గొంతులో అడ్డం పడి ఉంది. లేచి బస్తాల మధ్య నిలబడ్డాడు. కనుబొమలు ముడిచి అత్త అయ్యాడు, దించి కోడలయ్యాడు. "నన్ను ఎన్ని మాటలైనా అనండి అత్తయ్యా!" అని పాత పెళ్లి కుర్చీల ముందు మోకాళ్ల మీద పడ్డాడు. వణికాడు, వెక్కాడు, తనను తానే చెంపదెబ్బ కొట్టుకున్నాడు, ముక్కు చీదాడు. అంతా అయ్యాక తేలికపడి చూస్తే, చేతిలో ఫోను ఇంకా వెలుగుతోంది. లైను పెట్టేయలేదు.

తలుపు తెరుచుకుంది. శ్రీనిధి ఒక చేతిలో పెరుగన్నం పళ్లెంతో నిలబడి ఉంది. జుట్టు వెనక నల్లది అలాగే ఉంది.

"అయ్యో! తియ్యలేదా అమ్మా?"

"మరచిపోయాను సర్. ఉన్నట్టే లేదు."

ఇన్ని పరీక్షలు పెట్టి ఆయన వినాలనుకున్న మాట అదే. అయినా ఊరుకోలేక, "మరి సౌండు?" అన్నాడు.

"ఇప్పుడు బాగుంది" అంది. పళ్లెం కుర్చీ మీద పెట్టి, మరో కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఆ చివరిది మళ్లీ చెయ్యండి సర్. లంచ్ టైమే కదా, ఎవరికీ నొప్పి లేదు."

బసవపున్నయ్య నిలబడ్డాడు. కనుబొమలు పైకి లేచాయి. గొంతు సవరించుకున్నాడు. తనను చూడడానికే ఒక మనిషి వచ్చి కూర్చోవడం ఆయనకు ఇదే మొదలు. ఎన్ని వందల మందికి అందించిన మాటో, ఒక్క ముక్క నోటికి రాలేదు.

"నా బిడ్డను" అని శ్రీనిధి అందించింది, ఫీలింగ్ ఏమీ పెట్టకుండా.