నేనే వేసినానని చెప్పిన రోజు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నలుగురిలో నిలబడి మాట్లాడటం నాకు ఇప్పటికీ కష్టమే, అయినా దేవుడు నాకు చేసిన మేలు దాచుకోకూడదని ఈ మాటలు రాసుకొచ్చి చదువుతున్నాను.

తొంభైల చివర్లో పెనుకొండలో మా ఇంటికి చీకటి రోజులు వచ్చాయి. ధర్మవరం పట్టుచీరలకు అంచులు, కొంగులు గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి గీసే మా నాయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. చిన్నప్పటి నుంచి పక్కన కూర్చుని నేర్చుకున్న పని కాబట్టి నేనే గీసి, రైల్లో ధర్మవరం తీసుకుపోయి, "నాయన ఇచ్చి రమ్మన్నాడు" అని చెప్పి ఇచ్చేదాన్ని. నా పని గురించి నేనే చెప్పుకుంటే గర్వమవుతుందని అనుకునేదాన్ని, నిజానికి అది భయం, డైరీలో పేజీలకు పేజీలు రాసేదాన్ని గానీ మనుషుల ముందు నోరు పెగిలేది కాదు.

ఒకరోజు మగ్గాలు నడిపే సావుకారు నా హంసల అంచు చూసి, "బాగుండాది పాపా, కానీ హంస పెద్దదైంది, మా అంచులో పట్టదు. రేపు మీ నాయన్ను పిలుచుకొని రా, నా ముందర కూర్చొని సరిచేయాల. లేదంటే ఈ పని వేరేవాళ్లకు ఇచ్చుకుంటా" అన్నాడు. మంచం దిగలేని మనిషిని ఎలా పిలుచుకుపోవాలి? ఆ పని పోతే నేను హిందూపురంలో ఏదో ఒక మిల్లుకు పోవలసిందే, గీయడం అంతటితో సరి.

ఇంటికొచ్చి చెబితే నాయన తడబడే మాటతోనే నవ్వి, "నా పేరు చెప్పుకొని ఎన్నాళ్లు అమ్ముతావు పాపా? నాకంటే నీ గీతే సన్నం. ఆ మాట ఆయనకు నువ్వే చెప్పాల" అన్నాడు.

మరునాడు రైల్లో కళ్లు మూసుకుని ప్రార్థించాను: "ప్రభువా, నువ్విచ్చిన పనితనం నాకు లేదని చెప్పినాను, అణకువ అనుకుని అబద్ధమాడినాను, క్షమించు. ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఈరోజు నిజం చెప్పే ధైర్యం ఇయ్యి."

"యాడమ్మా మీ నాయన?" అన్నాడు సావుకారు, నన్ను చూడగానే.

"నాయనకు చెయ్యి పడిపోయి ఏడాదైందన్నా. అప్పట్నుంచి మీకిచ్చినవన్నీ నేనే వేసినా. అబద్ధం చెప్పింది తప్పే."

"నన్ను ఆట పట్టిస్తాండావా? ఈడ కూర్చొని వేసి చూపీ."

కూర్చున్నాను, హంస మెడ తగ్గించి, రెక్కలో రెండు వరసల గళ్లు తీసేసి కాగితం ఆయన ముందుంచాను. ఆయన వేలుపెట్టి గళ్లు చూసుకుని, "చెప్పకపోతే నాకెట్ల తెలుస్తాది? ఇంకేమొస్తాయి నీకు?" అన్నాడు. 'ఏదో కొంచెం' అనబోయి ఆగాను. "కొంగులు వేస్తా, బుటాలు వేస్తా, మగ్గం చూపిస్తే దానికి సరిపోయేట్టు వేస్తా" అన్నాను, నా ధర కూడా చెప్పాను.

"ఓహో, మాటలు రావనుకుంటిమే, బేరం కూడా వచ్చునే" అని ఆయన నవ్వాడు, పని నాకే ఇచ్చాడు.

తర్వాత హిందూపురంలోనూ అంగడి అంగడికీ నేనే పోయి చూపించాను, వద్దన్నచోట నమస్కారం పెట్టి పక్క అంగడికి పోయాను, కాగితం మూలన నా పేరు రాయడం నేర్చుకున్నాను. ఈ ధైర్యం నాది కాదు, దేవునికే మహిమ. కుట్టుపనో, అల్లికో చేతిలో ఉండి కూడా నోరు తెరవలేక ఇంట్లో కూర్చున్న చెల్లెళ్లారా, మీకేమొచ్చునో ముందు ఆయనకు పేరుపేరునా చెప్పుకోండి, ఆయన వింటాడు, ఆ తర్వాత లేచి పోయి మనుషులకు చెప్పండి.