దారికి అడ్డంగా

ఉదయం ఐదున్నరకు మొదటి ట్రిప్పు ఎక్కే కండక్టరమ్మకు గొంతే సగం ఉద్యోగం. నలభై మంది పట్టే బస్సులో డెబ్భై మందిని సర్దాలంటే చేతులు చాలవు. "జరగండి, లోపలికి జరగండి, వెనకంతా ఖాళీయే" అంటూ పదహారేళ్లుగా ఆమె గొంతు జనాన్ని నీళ్లలా వెనక్కి తోస్తూ వస్తోంది. మధ్యాహ్నం డ్యూటీ దిగాక టికెట్ల మిషన్‌ను డిపోలో అప్పగించవచ్చు కానీ గొంతును అప్పగించలేరు కదా. అది ఇంటిదాకా వెంట వస్తుంది.

పాత ఇల్లూ ఒక బస్సే. ఒక గది, వెనక వంట చోటు, రెంటికీ మధ్య మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టని సందు. అందులో ఆమె, వాచీలు బాగుచేసే భర్త, అత్తగారు, ఒక గోధుమరంగు ఆడకుక్క. అది ఏనాడూ ఒక మూలన పడి ఉండేది కాదు. సరిగ్గా ఆ సందులోనే, గడప మీద గడ్డం ఆనించి పడుకునేది. ఆ ఇంట్లో ఏం జరగాలన్నా ముందు కుక్క జరగాలి. పొయ్యి మీదికి గిన్నె, స్నానానికి బకెట్టు, మంచం మీదికి అత్తగారు, అన్నీ దాని అనుమతితోనే కదిలేవి. దానికి పేరు పెట్టే తీరిక ఎవరికీ దొరకలేదు. పేరు లేదన్న దిగులు దానికీ ఉన్నట్టు లేదు.

సోమవారం వాళ్లు ఒక మేడ మీద ఇంట్లోకి మారారు. రెండు గదులు, ఒక హాలు. ఆ హాల్లో ఎండ కూడా కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. ఒకరి మోచెయ్యి ఒకరికి తగలకుండా ముగ్గురూ అన్నం తిన్న మొదటి రాత్రి అదే. కుక్క మాత్రం తినలేదు.

భర్త ఫోనులో చదివి చెప్పాడు. ఆయన ఏది చెప్పినా భూతద్దం కంటికి పెట్టుకుని చెబుతున్నట్టే ఉంటుంది.

"కొత్తచోటికి వచ్చిన కుక్కకి తనదంటూ ఒక మూల ఉండాలట. ఎవరూ కదిలించకూడదట. గట్టిగా అరవకూడదట. మెల్లగా మాట్లాడాలట."

"అరవకుండా ఉంటే నేనేం కావాలో అందులో రాశారా?" అంది కండక్టరమ్మ.

అంది కానీ, రాసినదంతా చేసింది. కిటికీ పక్కన కొత్త చాప వేసింది. దాని పక్కన కొత్త గిన్నె. అత్తగారు కూడా చెప్పులు విప్పి, నిద్రపోతున్న పసిపిల్ల పక్కనుంచి వెళ్లినట్టు వెళ్లేది. కుక్క ఆ చాప మీద గోడవైపు తిరిగి కూర్చుంది. కండక్టరమ్మ మెట్లు దిగిన క్షణం నుంచి తిరిగి వచ్చేదాకా అది సన్నగా, దారం తెగకుండా లాగినట్టు ఏడ్చేది.

బుధవారం కింది వాటాలో ఉండే ఇంటాయన పైకి వచ్చాడు. "కుక్కని తెచ్చుకుంటామన్నారు, సరేనన్నాను. ఏడుపు తెచ్చుకుంటామని చెప్పలేదమ్మా మీరు. ఆదివారం దాకా చూస్తాను. తర్వాత కుక్కో, ఇల్లో, ఏదో ఒకటి."

ఆ సాయంత్రం ఆమె నేల మీద కూర్చుని ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టింది. "తిను తల్లీ, ఒక్క ముద్ద తిను, బంగారం కదూ." ఆ గొంతు ఆమెకే ఎవరిదో పరాయివాళ్లదిలా వినిపించింది. కుక్క ఆమె ముఖంలోకి, ఎక్కడో చూసినట్టుందే అన్నట్టు చూసి, మళ్లీ గోడవైపు తిరిగింది.

"డెబ్భై మందిని సర్దుతావు, ఒక్క కుక్కని సర్దలేవా?" అన్నారు అత్తగారు.

"అది టికెట్టు తీసుకోలేదు అత్తయ్యా. అందుకని నా మాట వినదు."

నవ్వుతూ అన్న మాట కాదది. శుక్రవారానికి కుక్క పక్కటెముకలు వేళ్లకు తగులుతున్నాయి. నీళ్లు తప్ప దాని కడుపులో ఏమీ లేదు. ఆమె డ్రైవరుతో చెప్పుకుంది. పదేళ్లుగా ఒకే బస్సు మీద ఉన్న మనిషి.

"మా తోటకి పంపించెయ్ చెల్లెమ్మా. నాలుగెకరాలు, ఎంత పరిగెత్తితే అంత. ఆదివారం నేనే వచ్చి తీసుకెళ్తా."

"సరేలే అన్నా," అంది. ఆ పూట ఫుట్‌బోర్డు మీద వేలాడిన ప్రతివాడి మీదా విరుచుకుపడింది.

శనివారం పాత ఇంట్లో మిగిలిపోయిన అత్తగారి బీరువా వచ్చింది. మోసుకొచ్చిన మనుషులు దాన్ని గది గుమ్మంలో రెండుసార్లు ఇరికించి చూసి, హాలుకీ వంటింటికీ మధ్య ఉన్న నడవాలో దించేశారు. "తలుపు ఊడదీస్తే కానీ పట్టదమ్మగారూ, సోమవారం వస్తాం" అని వెళ్లిపోయారు. గోడకూ బీరువాకూ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగితే పట్టేంత చోటు మిగిలింది.

కండక్టరమ్మ ఎండలోంచి వచ్చింది. తల పగిలిపోతోంది. నీళ్ల క్యాను ఎత్తుకుని వంటింటివైపు నడుస్తుంటే కాలికి మెత్తగా ఏదో తగిలింది. చదివిన సలహాలేవీ ఆమెకు గుర్తు లేవు. "జరుగు," అంది, బస్సు వెనక సీటు దాకా వినిపించే గొంతుతో. "లోపలికి జరుగు."

కుక్క లేచింది. రెండడుగులు వేసి, ఆమె దాటేదాకా నిలబడి, వెనక్కి వచ్చి అదే చోట ధబ్బున కూలబడింది. తోక నేలను ఒకసారి కొట్టింది. ఆగి, ఇంకోసారి కొట్టింది.

వంటింట్లోంచి అత్తగారు తొంగిచూశారు. "మళ్లీ అడ్డం పడుకుందా?"

"పడుకుంది."

"దాన్ని జరగమను. నేను బయటికి రావాలి."

"మీరే అనండి, మీ బీరువా పక్కనేగా ఉంది."

అత్తగారు అన్నారు. అది జరిగింది. భర్త వాచీ పక్కన పెట్టి లేచి వచ్చి, అవసరం లేకపోయినా ఒకసారి అటు, ఒకసారి ఇటు దాటాడు. రెండుసార్లూ జరిగింది.

"కదిలించకూడదని రాశారే," అన్నాడు.

"రాసినవాడి ఇల్లు పెద్దదై ఉంటుంది."

పాత ఇంట్లో రోజుకు నలభైసార్లు ఒక పాదమో చీర అంచో ఒంటికి తగిలి, ఆ ఒక్క మాట వినిపిస్తేనే, తాను ఇంట్లో ఉన్నట్టు దానికి తెలిసేది. ఈ విశాలంలో అది ఎవరికీ అడ్డం కాలేదు. ఐదు రోజులపాటు ముగ్గురు మనుషులు ప్రేమతో దాన్ని తప్పించుకు తిరిగారు. కండక్టరమ్మ నేల మీద కూర్చుండిపోయింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఫోను మీద కోప్పడింది. తర్వాత గిన్నె తెచ్చి నడవా మధ్యలో, అందరి కాళ్లకూ తగిలేలా పెట్టింది. కుక్క గిన్నె అడుగు మోగేదాకా తిన్నది.

బీరువా మనుషులకు ఫోను చేసి సోమవారం రావద్దని చెప్పింది. తన బీరువా ఇక నడవాలోనే అని తెలిసి, అత్తగారు విసురుగా గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

ఆదివారం డ్రైవరు కొత్త గొలుసు పట్టుకుని వచ్చాడు. "షెడ్డులో గోనెపట్టాలు కూడా పరిపించాను చెల్లెమ్మా."

"ఏమనుకోకన్నా. అది రాదు."

"అదందా, నువ్వంటున్నావా?"

"నేనే. కాఫీ తాగి వెళ్లు."

"గొలుసు నేనేం చేసుకోను?"

"బస్సుకి కట్టుకో. అదీ ఒక్కోరోజు చెప్పినమాట వినదుగా."

అతను గొణుక్కుంటూ కాఫీ తాగి వెళ్లాడు. ఆ గొలుసు చూసే కాబోలు, కాసేపటికి ఇంటాయన మెట్లెక్కి వచ్చాడు. "పంపించేశారా అమ్మా? నిన్న మధ్యాహ్నం నుంచి చప్పుడు లేదు."

ఆయన గుమ్మంలో కాలు పెట్టబోయాడు. కుక్క నడవాలోంచి బాణంలా వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడి మొరిగింది. ఈ ఇంట్లో అది మొరగడం అదే మొదలు. ఇంటాయన కాలు వెనక్కి తీసుకున్నాడు.

కండక్టరమ్మ దాని మెడ పట్టుకుని వెనక్కి లాగింది. అది ఒక్క అంగుళం కదల్లేదు.

"ఏడవడం మానేసింది సార్," అంది, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

"తెలుస్తోంది," అన్నాడాయన.

"ఇల్లు ఆయనదే, మనం అద్దెకున్నాం," అని ఆమె కుక్క చెవిలో పళ్లు బిగించి చెప్పింది. కుక్కకు నమ్మకం కుదరలేదు. ఇంటాయన తన మేడ మెట్ల మీద, చేతులు కట్టుకుని, అది ఎప్పుడు రమ్మంటుందా అని చూస్తూ నిలబడ్డాడు.