రెండు చేతులూ రాడ్డు మీదే

నరసాపురం నుంచి పాలకొల్లు వెళ్ళే బస్సులో ఎవరిదో ఫోన్ పోయింది. మాసిన బట్టలతో నిలబడ్డ ఒకణ్ణి పట్టుకుని చావగొట్టడం మొదలెట్టారు. పెదవి చిట్లి రక్తం కారింది. సిగ్గులేకుండా నేనూ రెండు వేశాను.

"ఆడి రెండు చేతులూ రాడ్డు మీదే ఉన్నాయండి," అంది వెనక సీట్లో చేపలమ్మే మనిషి. "రోజూ సంతలో గంప ముందు కూర్చుని జనం చేతులు కనిపెట్టుకునుండేదాన్ని. నేను చూశాను."

నోర్ముయ్యమన్నారు. ఒకడు ఆమె గంపని తన్నేశాడు. చేపలు మా కాళ్ళ కింద చితికిపోయాయి. ఆమె ఏడవలేదు, అరవలేదు. వాడి మీద దెబ్బ పడ్డప్పుడల్లా అదే మాట: "రెండు చేతులూ రాడ్డు మీదే ఉన్నాయండి."

ఐదోసారో ఆరోసారో అన్నాక, ముందు సీట్లోని పెద్దాయన "నిజమే, నేనూ చూశాను" అన్నాడు. తర్వాత ఇంకొకరు. నా పక్కవాడు పిడికిలి దించాడు. పాలకొల్లు వచ్చేసరికి బస్సులో అందరూ మొదట్నుంచీ అదే అనుకున్నవాళ్ళే!

చితికిన చేపల్ని ఆమె ఒక్కతే ఏరుకుంటోంది. నేను దాటుకుని దిగిపోయాను.

ఇంటికొచ్చి నా భార్యతో, "మనిషిని చంపేసేవాళ్ళే, మేమంతా కలిసి ఆపాం" అన్నాను.

"మంచి పని చేశారు," అంది ఆమె. "మరి మీ చేతికి ఆ రక్తం ఏంటండీ?"