హనోకు ఆపిన వణుకు, నేను పోసిన సీసం

మా బోధన్ హనోకుకు మొదటి గెలుపు ఎనిమిది దినాల తిప్పల తర్వాత దొరికింది. నిజామాబాద్ బస్టాండు పక్క గల్లీలో రాజలింగు కంప్యూటర్ ఆటల షాపు ఉంది, హనోకు అండ్ల పనిచేసేటోడు. అక్కడి మూడో కంప్యూటర్ జాయ్‌స్టిక్, అంటే రెండు చేతులతో పట్టుకొని ఆడే మీటల పిడి, ఎవరూ ముట్టకున్నా టేబుల్ మీద బర్రుమని వణికేది. వైరు మార్చిండ్రు, కంప్యూటరే మార్చిండ్రు, ఆగలేదు. హనోకు కనిపెట్టిండు. కారు గుద్దుకున్నప్పుడు ఆట పిడికి ‘వణుకు’ అని చెప్తదట. సరిగ్గా అప్పుడే ఎవరన్నా ఆట మూసేస్తే ‘ఆగు’ అనే మాట పోనే పోదు. పిడితో వచ్చిన సీడీని అప్పటిదాకా ఎవరూ వెయ్యలేదు. అది వేస్తే వణుకు ఎంతుండాలో జరుపుకునే గీత ఒకటి తెర మీద వచ్చింది. సున్నాకు జరిపిండు. పిడి సప్పుడు లేకుండ పండుకుంది. 2005 ఆగస్టు అది.

హనోకు మా పక్కింటి గంగవ్వ కొడుకు. వాళ్లు మెథడిస్టు క్రైస్తవులు. తండ్రి లేడు, తల్లి చెరుకు కొట్టి సాదింది. నన్ను పెద్దబాపు అంటడు.

నా పేరు భోజన్న. ఊరి బడిలో ఏడు దాకా చదివిన. చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏండ్లు ఫిట్టర్‌ను. చక్కెరను, మొలాసిస్ అనే నల్ల పాకాన్ని విడదీసే గిర్రున తిరిగే బుట్టల మిషన్లు నా చేతి కింద ఉండేవి. బేరింగు మీద అరచెయ్యి ఆనిచ్చి ఏ పక్క బరువు తప్పిందో చెప్పేవాణ్ని. 1987 సీజన్‌లో మూడు దినాలు ఎవరికీ లొంగని నాలుగో మిషన్ వణుకును పావుగంటలో ఆపిన. మేనేజర్ అందరి ముందట శాలువ కప్పిండు. అది ఇప్పటికీ కప్పుకుంట. గొప్పకు చెప్తలేనంటే అబద్ధమైతది. ఆ గొప్పే హనోకును ముంచింది.

రాజలింగు బోధన్‌లో రెండో షాపు తెరుస్తనని, అది హనోకే నడుపుతడని క్రిస్మస్ ముందర తాళంచెవి ఇచ్చిండు. గంగవ్వ ఈ సీజన్‌తో కొడవలి పక్కన పెడ్తనని అందరికీ చెప్పుకున్నది.

జనవరిలో ఒకనాడు నేను పింఛను పనికి నిజామాబాద్ పోయి షాపుల కూసున్న. వేల్పూర్ నుంచి రామ్‌దాస్ అనే గిరాకి తన కొత్త జాయ్‌స్టిక్ తెచ్చిండు. ఊకె వణుకుతుందట, గుద్దినప్పుడే వణకాలెనట. హనోకు సరిచేసిండు. నేను పట్టుకొని చూసిన.

“ఇంకా వణుకుతుంది గదరా!”

“గుద్దితే వణకాలె పెద్దబాపు. గదే దాని పని.”

“వణికే మిషన్ మంచిదని నాకు చెప్తున్నవా?”

“నీ మిషన్ చక్కెర జేస్తది. గిది జెర భయపెడ్తది, అంతే,” అని నవ్వుకుంట అన్నానికి పోయిండు.

నా చెయ్యి ఊకోలేదు. స్క్రూలు విప్పిన. లోపల రెండు చిన్న మోటార్లు, ఒక్కోదాని ఇరుసుకు అర్ధచంద్రం లెక్క ఒక పక్కకే బరువు. మా దగ్గర గిట్లున్న మిషన్‌ను తిరగనిచ్చేటోన్ని కాదు. చేసినోడు తప్పు చేసిండనుకున్న. సోల్డరింగు కడ్డీతో సీసం కరిగించి రెండో పక్క సమానంగ పోసిన. వేలితో తిప్పితే పట్టులెక్క తిరిగింది. మూసి, ఉన్నకాడనే పెట్టిన.

నాలుగింటికి రామ్‌దాస్ వచ్చి ఆడి చూసిండు. “సచ్చిపోయింది గదా అన్నా! ఎంత గుద్దినా సలనం లేదు.”

రాజలింగు విప్పిండు. “ఎవడు పోసిండు గీ సీసం? ఒక పక్క బరువుతోనే గదా ఇది వణికేది!”

హనోకు ఆ సీసం దిక్కు చూసిండు. గుండ్రంగ, నున్నగ ఉంది. వాళ్లింటి రేడియోకు నేను పోసింది గిట్లనే ఉంటది. తర్వాత నా దిక్కు చూసిండు. నేను భుజం మీద శాలువ సర్దుకున్న.

“నేనే అన్నా. తెల్వక జేసిన.”

“నమ్మి ఇచ్చిన సామాను ఖరాబ్ జేస్తవా? బోధన్ షాపు తాళంచెవి ఈడ పెట్టు.”

పెట్టిండు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. వారంలో హైదరాబాద్‌లో ఏదో రిపేరు షాపుకు పనికి పోయిండు.

గంగవ్వ వచ్చి అడిగింది. “నువ్వు పక్కనే ఉంటివి గద భోజన్న, అసలేమైంది?”

“నేను సూడలే,” అన్న.

తెల్లారి ఆమె కొడవలి పట్టుకొని మా వాకిట్ల నుంచే చెరుకు తోటకు పోయింది. చెరుకాకు కోసిన చేతులకు పసుపు పెట్టుకుంటుంటే రోజూ గోడ మీంచి చూసిన. మూడు నెలలు చూసిన.

పోయిన వారం రాజలింగు దగ్గరికి పోయి చెప్పేసిన. “గింత పెద్దమనిషివి, నోరెట్ల మూసుకున్నవే?” అన్నడు. తాళంచెవి నా చేతిల పెట్టి, “గంగవ్వ ముందట, గదే టేబుల్ కాడ, నువ్వే చెప్పి హనోకుకు ఇయ్యాలె,” అన్నడు.

హనోకుకు ఫోన్ చేసి, సంగతి చెప్పి రమ్మన్న. “సరే పెద్దబాపు, వస్త,” అన్నడు, అంతే. కోపముందో లేదో ఆ గొంతులో తెలియలేదు. గంగవ్వకు ఇంకా చెప్పలేదు. ఇయ్యాల పొద్దుమూకి ఆమె రాంగనే చెప్తా.

మా రిటైరైన కార్మికుల సంఘం పుస్తకానికి నా గురించి నన్నే రాయమన్నరు. నేను హనోకు గురించి రాసి ఇస్తున్న. తాళంచెవి నా శాలువ కొంగున ముడేసి ఉంది. హనోకు 2006 మే 14, ఆదివారం నాడు వస్తడు.