లోపలికి తెరుచుకునే కిటికీ

మొన్న మా వీధి చివర కొత్తగా కట్టుకుంటున్న ఇంటికి కిటికీలు బిగిస్తున్నారు. కోసిన టేకు వాసన, దాని మీద పూసిన అవిసెనూనె వాసన కలిసి మా వాకిలి దాకా వచ్చాయి. ఆ ఇంటాయన మర్యాద తెలిసిన మనిషి. నన్ను పిలిచి, వీధి వైపు కిటికీలకు ఏ రకం తలుపులు పెట్టిస్తే బాగుంటుందని అడిగాడు. లోపలికి తెరుచుకునేవి పెట్టించమన్నాను. ఒకప్పుడు మా ఇంట్లో ఇదే ప్రశ్న పుట్టినప్పుడు దానికి జవాబు చెప్పింది నేను కాదు, మా మేనత్త. ఆమెను చూసినవాళ్లు ఇప్పుడు ఈ ఊళ్లో నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

ఆత్మకూరు దగ్గర మా ఊళ్లో మాకు రెండంతస్తుల గడి, దొరల కోటలాంటి ఇల్లు, ఉండేది. అది ఎలా పోయిందో ఇక్కడ రాయను. వ్యాజ్యాలలో పోయింది, అంతవరకు చాలు. అత్తమ్మ చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చింది. మా ఇంటి ఆడవాళ్లకు ఘోషా ఉండేది. పరాయి మగవాళ్ల కంట పడకూడదు, వీధిలోకి రాకూడదు. అయినా గడి వ్యవహారమంతా ఆమె చేతిలోనే నడిచింది. మేడ మీద ఆమె గదికి జిల్మిలి తలుపులుండేవి. సన్నని చెక్కలను కిందికి వాలుగా, ఒకదాని కింద ఒకటి పేర్చిన తలుపులవి. లోపల కూర్చుంటే కింద వాకిలంతా కనిపిస్తుంది; కింద ఉన్నవాడికి చెక్కలు తప్ప మరేమీ కనిపించవు. గాలి కావలసినప్పుడు ఊచల మధ్య నుంచి సన్నని బెత్తం పెట్టి రెక్కను బయటికి తోసేది. ఎంత పక్కకు నిలబడి తోసేదంటే, ఆమె వేలి కొస కూడా ఎవరూ చూసి ఎరుగరు.

"ఏం మల్లిగా, ఎద్దుకు మేత వేసినవా, నువ్వే మేసినవా?" అని పైనుంచి గొంతు వినబడేది. పాలేరు మల్లిగాడు ఆకాశంలోకి దండం పెట్టి కొట్టం వైపు పరుగెత్తేవాడు.

గడి ఖాళీ చేసి గద్వాలకు వచ్చేటప్పుడు నేను ఆ జిల్మిలి తలుపులను ఊడదీయించి బండిలో వేయించాను. అప్పటికి నాన్న పోయాడు, ఇంటికి పెద్దను నేనే. యుద్ధం రోజులు, మేకులు దొరకడం కూడా కష్టంగా ఉండేది. మేము కొన్న ఇల్లు నేతవాళ్ల వీధిలో ఉంది. మేడ లేదు. వీధి గదికి రెండు కిటికీలు. ఆ వీధిలో అన్ని ఇళ్ల కిటికీలదీ ఒకటే తీరు: ఊచలు బయటికి, చెక్క రెక్కలు లోపలికి.

వడ్రంగి మోనాచారి మా తలుపులను గోడకు ఆనించి కొలిచి పెదవి విరిచాడు. "ఇవి ఏనుగుకు కుట్టిన అంగీ లెక్క ఉన్నయి దొరా. కొయ్యాలె. ఊచలు లోపలికి జరపాలె. గంత పరేషానెందుకు? నాలుగు చెక్కలు కొట్టి లోపలికి రెక్కలు పెడ్త."

"కొయ్యి. కాని పెట్టేది ఇవే," అన్నాను.

ఎదురింటి నర్సప్ప మగ్గం మీది నుంచి లేచి వచ్చాడు. నెమ్మదైన మనిషి. "బయటికి రెక్క వద్దు దొరా. పొద్దుగాల వీధిల పడుగు పరుస్తం. గోడ పక్కపొంటి పోతది," అన్నాడు.

ఆ వీధి పద్ధతి అది. మగ్గం మీదికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు పోగులన్నిటినీ, గోడల వెంబడి వీధి పొడుగునా నడుము ఎత్తులో చాపి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వుతారు. ఎండ ముదరక ముందే ఆ పని అయిపోవాలి. పడుగు ఉన్నంతసేపు మా కిటికీ తెరవబోమని నర్సప్పకు మాటిచ్చాను. ఇంట్లో అందరికీ చెప్పాను. మా అత్తమ్మను ఆ వీధి కళ్ల ముందు కిటికీ తెరిచి కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. గడి పోయినా ఆమె మరుగు పోకూడదని నా పట్టుదల. అందులో తప్పు ఉందని ఇప్పటికీ అనుకోను.

తలుపులు బిగించిన మర్నాడు పొద్దున్నే వీధిలో కేక వినబడింది. "ఎవరది? కండ్లు నెత్తికెక్కినయా?"

నర్సప్ప భార్య బుగ్గమ్మ గొంతు అది. బయటికి వెళ్లి చూస్తే మా కిటికీ రెక్క పడుగులోకి దూసుకుపోయి ఉంది. తడి పోగులు ఎన్నో తెగి వేలాడుతున్నాయి. అత్తమ్మ తెరిచే ముందు చూసింది. కాని మేడ మీద వాకిలంతా చూపించిన ఆ వాలు చెక్కలు ఇక్కడ గోడ మొదట్లో మట్టిని మాత్రమే చూపించాయి. మట్టి మీద ఎవరి కాళ్లూ కనబడలేదు. పడుగేమో నడుము ఎత్తులో ఉంది. ఇంకా పడుగు చాపలేదనుకుని, అలవాటు ప్రకారం పక్కకు నిలబడి బెత్తంతో తోసింది.

వీధంతా మా గుమ్మం వైపు చూస్తోంది. అంతలో నా భుజాన్ని తోసుకుంటూ తెల్లచీర ఒకటి గడప దాటింది. అత్తమ్మ. కొంగు నడుముకు దోపుకుంది, ముఖం మీద ముసుగు లేదు.

"నేనే తోసిన. కనబడలే. ఇప్పుడేం చెయ్యాలె, చెప్పు," అంది బుగ్గమ్మతో.

బుగ్గమ్మ తిట్టబోయిన తిట్టు నోట్లోనే ఉండిపోయింది. ఒక్క క్షణం తేరిపార చూసి, "అయితే జర ఈడ పట్టుకో దొరసానమ్మా. గట్టిగ పట్టు. వదిలితివో, మొత్తం చిక్కు పడ్తది!" అంది.

అత్తమ్మ పట్టుకుంది. నర్సప్ప, బుగ్గమ్మ ఒక్కొక్క పోగు వెతికి ముడి వేస్తున్నారు. ఆమె చేతుల నిండా గంజి. ఎండ నేరుగా ఆమె ముఖం మీద పడుతోంది. అది చూస్తూ నిలబడలేక లోపలికి వెళ్లి గొడుగు తెచ్చి ఆమె తల మీద పట్టాను.

"నాకెందుకురా? పోగుల మీద పట్టు. ఎండకు గంజి ఆరిపోతది," అంది అత్తమ్మ.

వీధి నవ్వింది. బుగ్గమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. నేను గొడుగును పోగుల మీదికి జరిపి, చివరి ముడి పడేదాకా అలాగే నిలబడ్డాను.

మధ్యాహ్నం అత్తమ్మ మోనాచారిని పిలిపించింది. జిల్మిలి చెక్కలు తీసేసి, అదే టేకుతో నిండు రెక్కలు చేయమంది. ఊచలు బయటికి, రెక్కలు లోపలికి. ఒక్కో రెక్కను అడ్డంగా రెండు ముక్కలు చేసి, చలికాలం కింది ముక్క మూసుకుని పైది తెరుచుకునేలా పెట్టమంది.

"వీధి వీధంతా లోపలికి చూస్తది అత్తమ్మా," అన్నాను.

"చూడనీ. ఏం దాసిపెట్టినవ్ లోపల?"

ఆమె గొంతు తగ్గించింది. "ఆ కిటికీ మేడ మీద కూసునేటోళ్లకు చేసింది బిడ్డా. మనం దిగినం. దిగినమని మనకు తెలుసు, వాళ్లకు తెలుసు. ఇగ చెక్కలు అడ్డం పెట్టుకుంటే ఎవలకు తెల్వకుంట ఉంటది?"

గడి పోయిన నాటి నుంచి మా ఇంట్లో ఆ మాట పైకి అన్నది ఆమె ఒక్కతే.

కొత్త రెక్కలు వచ్చాక ఆమె పగలంతా ఆ కిటికీ దగ్గరే కూర్చునేది. బుగ్గమ్మ ఊచలు పట్టుకుని నిలబడి కబుర్లు చెప్పేది. "ఇయ్యాల ఏం కూర దొరసానమ్మా? నిన్నటిదేనా?" అని ఎగతాళి చేసేది. "నీ మగ్గం మీది చీర కూడ నిన్నటిదే కద!" అని అత్తమ్మ అంటించేది. నేను మాత్రం ఆ గదిలో వీధికి వీపు పెట్టి కూర్చునేవాణ్ని. మా ఇంట్లో మగవాళ్లు ముందుగా పలకరించే ఆచారం లేదు. ఎదుటివాడు దండం పెట్టాలి, మేము తలూపాలి. ఒకరోజు నర్సప్ప కిటికీ ముందు నుంచి పోతూ నన్ను చూశాడు. నేనూ వెనక్కి తిరిగి అతన్ని చూశాను. ఇద్దరం మాట్లాడలేదు.

అత్తమ్మ గమనించింది. "చూసినవు కద, పలకరించు. చూసి పలకకుంటే అది దొంగచూపు. మేడ మీద నేను ఇన్నేండ్లు చేసింది గదే," అంది.

ఆమెతో వాదించలేదు, ఆమె మాట వినలేదు. ఆమె ఉన్నన్నాళ్లూ వీధితో మాటామంతీ ఆమెదే అన్నట్టు ఊరుకున్నాను.

అత్తమ్మ పోయిన కొన్నాళ్లకు ఒక పొద్దున ఆమె పీట మీద కూర్చున్నాను. రెక్కలు తెరిచే ఉన్నాయి. బయట పడుగు చాపుతున్నారు. నర్సప్ప మా కిటికీ దగ్గరికి వచ్చి, లోపల ఉన్నది నేనని చూసి, తల దించుకుని దాటిపోబోయాడు. ఆ దించుకోవడం మర్యాద కోసం కాదు. ఆ కిటికీలో ఇక తనతో మాట్లాడేవాళ్లు లేరనుకున్నాడు.

"నర్సప్పా, ఏం రంగు ఇయ్యాల?" అన్నాను.

అతను ఆగాడు. "అరటిపువ్వు రంగు దొరా. చూస్తవా?" అని పోగుల కొసను ఊచల దాకా ఎత్తి చూపించాడు.

ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మా వీధిలో ఎవరు కనబడినా ముందు మాట నాదే. పిల్లలు, కూలివాళ్లు, దారిన పోయే కొత్తవాళ్లు, అందరితోనూ. నేను వంగే మనిషిని కాదని ఈ ఊరికంతా తెలుసు. ముందుగా పలకరించడానికి నేను వంగవలసిన అవసరం కూడా ఎన్నడూ రాలేదు.