మల్లప్ప కాక అరచేతిలో గీత

2022 ఎండాకాలం. వికారాబాద్ బస్టాండు వెనక రెండు గదుల డిజైన్ ఆఫీసు నాది. కంప్యూటర్‌లో వస్తువుల ఆకారాలు గీసి, త్రీడీ ప్రింటర్ మీద నమూనాలు తీసిస్తాను. నాకు పేరొచ్చింది మాత్రం సర్ఫేసుల్లో, అంటే రెండు వేరువేరు ఆకారాలను అతుకు కనపడకుండా కలపడంలో. గొప్పలు చెప్పుకుంటోంది అనుకున్నా ఫరవాలేదు, ఉన్న మాటే.

ఒకరోజు తాండూరు నుంచి ప్యాసింజర్ రైల్లో మల్లప్ప కాక వచ్చాడు. ముప్పై ఏళ్లుగా నాపరాయికి పాలిష్ పట్టే మనిషి. బండ జారిపడి కుడిచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు పోయాయి. గాయం మానింది గానీ పాలిష్ మిషన్ పిడి మీద పట్టు దొరకడం లేదు.

"సోమారం దాంక చూస్తనన్నడు సేటు. మిషన్ పట్టకుంటే గేటు కాడ కూసోబెడతడంట. నేను కుర్చీల కూసునే మనిషిని కాదు బిడ్డా," అన్నాడు.

మిగిలిన మూడు వేళ్లకు, అరచేతికి సరిపోయే తొడుగు ఒకటి పిడికి వేస్తే చాలు. మెత్తటి మట్టిముద్దను ఆయన చేత గట్టిగా పట్టించి, ఆ ముద్రను స్కాన్ చేశాను. ఒక చివర మిషన్ పిడి గుండ్రటి పైపు, ఇంకో చివర అరచేతి ఆకారం. ఈ రెంటినీ కలుపుతూ మధ్యలో వేసే దాన్ని బ్లెండ్ సర్ఫేస్ అంటాం. టాంజెంట్ పెట్టి కలిపాను, అంటే అతుకు దగ్గర రెండూ ఒకే దిక్కుకు సాగేలా. స్క్రీన్ మీద వెన్నలా ఉంది. ప్రింటు తీసి బుధవారం ఇచ్చి పంపాను.

శుక్రవారం పొద్దున్నే తిరిగొచ్చాడు.

"పట్టు మంచిగున్నది. గని గీడ ఏదో ఉన్నది."

"ఏం లేదు కాకా. ఎంత సాఫ్‌గున్నదో చూడు."

"కంటికి లేదు బిడ్డా. చేతికున్నది."

అరచేయి చాపాడు. బొటనవేలి కింద అడ్డంగా ఎర్రటి గీత. ముందురోజు పూటంతా మిషన్ పట్టేసరికి అక్కడ కమిలిపోయింది.

నాకు కోపమొచ్చింది, అదీ ఆయన మీదే. కొత్త పిడి కదా, అలవాటు కావాలి, రెండు రోజులాగు అన్నాను. ఆయన కదల్లేదు. "నువ్వు దీన్ని ఎట్ల చూసినవ్?" అని అడిగాడు. స్క్రీన్ మీద అటూ ఇటూ తిప్పి చూశానన్నాను.

"మేం బండను గట్ల చూడం. నీళ్లు కొట్టి, వంగి, బండ మీద ట్యూబ్‌లైటు నీడ చూస్తం. నీడ తిన్నగ పోతే సాఫున్నట్టు. యాడన్న వంకర తిరిగితే గాడ లోపమున్నట్టు."

సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా ఆ పనికే జీబ్రా చారలుంటాయి. బటన్ నొక్కితే నలుపు తెలుపు చారలు సర్ఫేస్ మీద ప్రతిబింబాల్లా పరుచుకుంటాయి. చేయి తిరిగినదాన్ననే ధీమాతో నేను ఆ బటన్ జోలికే పోలేదు. ఇప్పుడు నొక్కాను. పైపు మీద తిన్నగా వచ్చిన చారలు అతుకు దగ్గర టక్కున మలుపు తిరిగాయి.

మల్లప్ప కాక వంగి చూసి నవ్వాడు. "గిది మా ట్యూబ్‌లైటే గదా."

సిగ్గేసింది. దిక్కు ఒకటైతే చాలదు, వంపు కూడా కలవాలి. టాంజెంట్ తీసేసి కర్వేచర్ పెట్టాను. వంపు మెల్లగా మారడానికి చోటు కావాలి కాబట్టి అతుకును పైపు వైపు రెండు వేళ్ల వెడల్పు వెనక్కి జరిపాను. ఈసారి చారలు ఎక్కడా విరగలేదు. ప్రింటు పూర్తయ్యేసరికి సాయంత్రమైంది. అప్పటిదాకా నా ఆఫీసు కుర్చీలో కూర్చోక తప్పలేదు ఆయనకు.

సోమవారమంతా నా మనసు తాండూరులోనే ఉంది. ఫోన్ రాలేదు. ఆగలేక మంగళవారం నేనే బస్సెక్కాను.

వెళ్లేసరికి ఆయన మోకాళ్ల దాకా రాతి బురదతో మిషన్ నడుపుతున్నాడు. నన్ను చూసి ఆపి, బకెట్లో చేయి కడుక్కుని అరచేయి చాపాడు. ఎర్రగీత లేదు.

"పుట్టుకతోని వచ్చిన గీతలే చాలు బిడ్డా," అని మళ్లీ మిషన్ అందుకున్నాడు.

ఇప్పుడు జీబ్రా చారలు వేయనిదే ఏ పనీ బయటికి పంపను. చారలు ఎంత తిన్నగా ఉన్నా, ప్రింటు చేతికొచ్చాక కళ్లు మూసుకుని ఒకసారి తడుముతాను.